ఐసీయూ మానిటర్ అంకెలు: అపోహలు - వాస్తవాలు

అపోహ: మానిటర్‌లో ఆక్సిజన్ 98 చూపిస్తోంది కాబట్టి ఊపిరికి ఢోకా లేదు.

వాస్తవం: ఐసీయూ బయట పేషెంట్ తాలూకు వాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది ఈ అంకె గురించే. మామూలు గాలి మీద 98 వేరు, మాస్క్‌తో నిమిషానికి 10 లీటర్ల ఆక్సిజన్ పెట్టాక 98 వేరు. ఆక్సిజన్ అందుతున్నంతసేపు, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోతున్నా వేలి క్లిప్ నిక్షేపంగా 98 చూపించవచ్చు. అందుకే నేను ముందు శ్వాస వేగం చూస్తాను. పొద్దున నిమిషానికి 18, మధ్యాహ్నం 24, సాయంత్రం 30 అయిందంటే, ఆక్సిజన్ అంకె కదలకపోయినా నాకు టెన్షనే. ఛాతీ మీద అంటించే లీడ్లతో (వైర్లతో) మానిటర్ లెక్కగట్టే శ్వాస వేగాన్నీ పూర్తిగా నమ్మను. గడియారం పెట్టుకుని నిమిషం పాటు లెక్కపెట్టాల్సిందే.

అపోహ: ధమనిలో గొట్టం పెట్టి చూసే బీపీ ఎప్పుడూ తప్పు చూపించదు.

వాస్తవం: ఆ గొట్టంలోని ఒత్తిడిని కొలిచే ట్రాన్స్‌డ్యూసర్ గుండె ఎత్తులో ఉంటేనే ఆ మాట. అది 10 సెంటీమీటర్లు కిందికి జారితే బీపీ 7, 8 పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది. సెప్టిక్ షాక్‌లో (ఇన్ఫెక్షన్ ముదిరి బీపీ పడిపోయే స్థితిలో) సగటు బీపీ కనీసం 65 ఉండేలా చూస్తాం. అసలు 58 ఉన్న మనిషికి తెర మీద 65 కనిపిస్తే, పెంచాల్సిన నార్‌అడ్రినలిన్ (బీపీ పెంచే మందు) పెంచకుండా వదిలేస్తాం. మంచం ఎత్తు మార్చిన ప్రతిసారీ ట్రాన్స్‌డ్యూసర్ సరిచేసే నర్సు డ్యూటీలో ఉంటే నాకు సగం బెంగ తీరినట్టే.

అపోహ: అలారం మోగిందంటే ప్రాణం మీదికి వచ్చినట్టే.

వాస్తవం: చాలాసార్లు లీడ్ ఊడి ఉంటుంది, లేదా పేషెంట్ చెయ్యి కదిపి ఉంటాడు. అలాగని అలారం నోరు నొక్కేయకూడదు, పేషెంట్‌ను బట్టి అది మోగే లిమిట్లు మార్చాలి.

అపోహ: పరికరం ఎంత పెద్దదైతే వైద్యం అంత మెరుగు.

వాస్తవం: గుండె పనితీరు కొలవడానికి గుండెలోంచి ఊపిరితిత్తుల ధమనిలోకి పంపే స్వాన్-గాంజ్ కాథెటర్ (సన్నటి గొట్టం) 1970లో వచ్చింది. దశాబ్దాల పాటు విరివిగా వాడారు. 2005లో వెలువడిన బ్రిటన్ ప్యాక్‌మ్యాన్ ట్రయల్‌లో (పేషెంట్ల మీద చేసిన అధ్యయనంలో) దానివల్ల మరణాలు తగ్గలేదని తేలింది. మరోవైపు సెప్టిక్ షాక్ పేషెంట్ల మీద చేసిన 2019 నాటి ఆండ్రోమెడా-షాక్ ట్రయల్ చూడండి. వేలి కొసను నొక్కి వదిలి, రంగు 3 సెకన్లలో తిరిగొస్తోందా అని చూస్తూ వైద్యం చేసిన పేషెంట్లలో మరణాలు, లాక్టేట్ (ఒంటికి రక్తం సరిగా అందనప్పుడు పెరిగే పదార్థం) పరీక్షల ప్రకారం వైద్యం చేసిన పేషెంట్లలో కంటే ఎక్కువ కాలేదు. ఆ వేలి పరీక్షకు పైసా ఖర్చు లేదు!

అపోహ: ఇక సెప్సిస్‌ను (ఇన్ఫెక్షన్ వల్ల అవయవాలు దెబ్బతినే స్థితిని) కంప్యూటరే ముందు పసిగడుతుంది.

వాస్తవం: అమెరికాలో వందలాది ఆసుపత్రులు అప్పట్లో వాడుతున్న ఒక సాఫ్ట్‌వేర్‌ను మిషిగన్‌లో పరీక్షించి, 2021లో ఫలితాలు ప్రచురించారు. సెప్సిస్ వచ్చినవాళ్ళలో మూడింట రెండొంతుల మందిని అది పట్టుకోలేకపోయింది. పైగా ఆసుపత్రిలో చేరిన ప్రతి 100 మందిలో 18 మందికి అలర్ట్ ఇచ్చింది. అన్నిటికీ పరుగెత్తడానికి నర్సులు ఎక్కడున్నారు?