రన్‌వే అంకెలు, గాలి దిక్కు: అపోహలు - వాస్తవాలు

ఎయిర్‌ఫోర్స్‌లో ఏటీసీ (విమానాల రాకపోకల నియంత్రణ) డ్యూటీ చేసి రిటైరయ్యాక నల్లగొండలో డిఫెన్స్ పరీక్షలకు పిల్లల్ని తయారుచేస్తున్నాను. రన్‌వే అంకెల మీద వాళ్లకున్నన్ని కథలు ఇంక దేనిమీదా లేవు.

అపోహ: శంషాబాద్‌లో 27 అంటే ఇరవై ఏడో రన్‌వే.

అక్కడున్నవి రెండే. రన్‌వే ఎటు చూస్తుందో దిక్సూచి డిగ్రీల్లో కొలిచి, దగ్గరి పదికి సవరించి, చివరి సున్నా తీసేస్తారు. 270 డిగ్రీలు, అంటే పడమర, 27 అవుతుంది. అదే రన్‌వే రెండో కొసన 09 (90 డిగ్రీలు, తూర్పు) అని ఉంటుంది. అయస్కాంత ధ్రువం జరిగేకొద్దీ అంకే మారుతుంది. లండన్ దగ్గరి స్టాన్‌స్టెడ్‌లో 05/23 కాస్తా 2009లో 04/22 అయింది.

అపోహ: గాలి 270 అంటే పడమరకు వీస్తోంది.

కాదు, పడమర నుంచి వస్తోంది. పాలమూరు రైతు పడమటి గాలి అన్నా అదే కదా! విండ్‌సాక్ (గాలి దిక్కు చూపే గుడ్డ గొట్టం) తోక మాత్రం గాలి పోయే వైపు ఉంటుంది, కొత్తవాళ్లు అక్కడే తడబడతారు. వానాకాలంలో శంషాబాద్‌లో 27 వాడుతుంటే విమానాలు ఇబ్రహీంపట్నం వైపు నుంచి, గాలికి ఎదురుగా దిగుతాయి.

అపోహ: రెండో ప్రపంచ యుద్ధంలో శత్రువుకు తెలియకుండా రన్‌వే అంకెలు దాచేవారు.

దాచి ఏం లాభం? పైనుంచి ఫొటో తీస్తే రన్‌వే దిక్కు ఎవరైనా కొలుస్తారు. దాచింది గాలి సమాచారాన్ని. 1939 సెప్టెంబరులో యుద్ధం మొదలవగానే బీబీసీ వాతావరణ సూచనలు ఆపేసింది, యుద్ధం ముగిసేదాకా మళ్లీ ఇవ్వలేదు. కారణం విమానానికి దారి లెక్కగట్టే నావిగేటర్‌ను అడగండి: 40 నాట్ల (నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు, సుమారు 1.85 కిలోమీటర్లు) పక్కగాలిని లెక్కలోకి తీసుకోకపోతే బాంబర్ గంటలో 74 కిలోమీటర్లు దారి తప్పుతుంది.

స్థావరాలు కట్టింది కూడా గాలిని చూసే. అప్పటి తోక చక్రం విమానాలను నేలమీద పక్కగాలి ఇట్టే తిప్పేసేది. అందుకే బ్రిటన్ బాంబర్ స్థావరాల్లో మూడు రన్‌వేలు ఒకదాన్నొకటి కోస్తూ ఉండేవి. ప్రధానమైనది 2,000 గజాలు, మిగతా రెండూ 1,400. పసిఫిక్‌లోని టినియన్ దీవిలో ఎక్కువగా తూర్పు గాలే కాబట్టి అక్కడి అమెరికా బాంబర్ స్థావరం నార్త్ ఫీల్డ్‌లో నాలుగు రన్‌వేలూ పక్కపక్కనే వేశారు. వాటిని ఏబుల్, బేకర్, చార్లీ, డాగ్ అని పిలిచేవారు.

అపోహ: ఎదురుగాలి ఉంటే విమానం లేవడం కష్టం.

అసలు సాయం చేసేదే అది. రెక్కకు కావాల్సింది గాలిలో వేగం, నేలమీద వేగం కాదు. 1942 ఏప్రిల్ 18న అమెరికా విమానవాహక నౌక హార్నెట్‌ను గాలికి ఎదురు తిప్పి, దాని మీది నుంచి 16 బి-25 బాంబర్లను జపాన్ మీదికి పంపారు. మొదటి విమానం ముందున్న డెక్ 467 అడుగులే.