కృష్ణా బోర్డును అడిగేదెవరు?

సాగర్ ఎడమ కాల్వకు నీళ్లు ఎప్పుడు, ఎన్ని టీఎంసీలు వదలాలన్నది ఇప్పుడు తేలేది కృష్ణా నదీ యాజమాన్య బోర్డు త్రిసభ్య కమిటీలో. అందులో కూర్చునేది బోర్డు సభ్య కార్యదర్శి, రెండు రాష్ట్రాల నీటిపారుదల ఈఎన్‌సీలు, అంటే ఇంజినీర్-ఇన్-చీఫ్‌లు. నాటేసి ఎదురుచూస్తున్న మిర్యాలగూడ రైతు మాత్రం నిలదీస్తే ఎమ్మెల్యేనే నిలదీయాలి. ఎమ్మెల్యే సర్కారు మీద, సర్కారు బోర్డు మీద, బోర్డు ఢిల్లీ మీద చెప్పుకుంటూ పోతాయి.

ఈ వరస 1956లో మొదలైంది. రాజ్యాంగం 262వ అధికరణ కింద ఆ ఏడాది అంతర్రాష్ట్ర నదీ జలాల వివాదాల చట్టం వచ్చింది. దాని ప్రకారం జలవివాదం తేల్చే ట్రిబ్యునల్ కావాలని కేంద్రాన్ని అడగగలిగేది రాష్ట్ర ప్రభుత్వం ఒక్కటే. చివరి తూము కింది రైతుకు గానీ, మునిగిన ఊరికి గానీ, జిల్లా పరిషత్తుకు గానీ ఆ తలుపు తెరుచుకోదు. ట్రిబ్యునల్‌కు అప్పగించే వివాదాల్లో సుప్రీంకోర్టు సహా ఏ కోర్టూ తలదూర్చకూడదని 11వ సెక్షన్ చెబుతోంది.

పాలమూరుకు, అంటే మహబూబ్‌నగర్ జిల్లాకు, దీని అర్థం తొందరగానే తెలిసింది. హైదరాబాద్ రాష్ట్రం విడిపోవడంతో ఎగువ కృష్ణా నుంచి ఈ జిల్లాకు కాల్వలు వచ్చే అవకాశం పోయింది. కృష్ణా నీళ్లు పంచడానికి 1969లో ఏర్పడి 1976లో తుది అవార్డు వెలువరించిన బచావత్ ట్రిబ్యునల్ ఆ సంగతి గుర్తించింది. రాష్ట్రం విడిపోకుండా ఉంటే మహబూబ్‌నగర్‌కు సాగునీరు దక్కే అవకాశాలు మెరుగ్గా ఉండేవని రాసి, ఆ జిల్లాలోని జూరాల ప్రాజెక్టుకు 17.84 టీఎంసీలు ఇచ్చింది. జిల్లాకు వాదించుకునే హక్కుండి దక్కిన నీళ్లు కావవి. న్యాయమూర్తులకు తట్టబట్టి దక్కాయి. తుంగభద్ర మీది రాజోలిబండ మళ్లింపు పథకానికి (ఆర్డీఎస్) కాగితం మీద 15.9 టీఎంసీలు, 87,500 ఎకరాల ఆయకట్టు ఉన్నాయి. ఆనకట్టేమో కర్ణాటకలో ఉంది. అలంపూర్ రైతు ఓటు అక్కడ చెల్లదు.

నల్లగొండ ఓటునే ఎదురు తిప్పింది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో ఫ్లోరైడ్ లేని తాగునీరు, పొలాలకు కృష్ణా నీళ్లు కావాలంటూ జల సాధన సమితి ఊళ్ల నుంచి జనంతో నామినేషన్లు వేయించింది. బరిలో 480 మంది మిగిలారు. బ్యాలెట్ పుస్తకమంత అయింది, పోలింగ్ వాయిదా పడింది. కాళ్లూ నడుమూ వంగిపోయిన మనుషుల గురించి అప్పటిదాకా పట్టని ఢిల్లీ పత్రికలు నల్లగొండ వైపు తిరిగాయి. అదే ఏడాది తమిళనాడులోని మొడకురిచి అసెంబ్లీ స్థానంలో వెయ్యిమందికి పైగా పోటీకి దిగారు. ఆ తర్వాత చట్టం మారింది: లోక్‌సభ డిపాజిట్ 500 రూపాయల నుంచి 10,000కు పెరిగింది, గుర్తింపు లేని అభ్యర్థికి పది మంది ప్రతిపాదకులు తప్పనిసరయ్యారు. జనం అడిగింది నీళ్లు, చట్టం పెంచింది డిపాజిట్!

దేశాల మీద కూర్చున్న ప్రభుత్వానికీ ఇదే చిక్కు ఉంది. యూరోపియన్ యూనియన్‌లో 1979 నుంచి పార్లమెంటు సభ్యులను జనమే నేరుగా ఎన్నుకుంటున్నా, చట్టాలను ప్రతిపాదించేది మాత్రం ఎన్నికల్లో నిలబడని కమిషన్. ఆ వెలితి కొంతైనా పూడ్చడానికి 2012లో ఒక దారి తెరిచారు. కనీసం ఏడు దేశాల నుంచి పది లక్షల సంతకాలు వస్తే కమిషన్ బదులివ్వాలి. ఆ దారిలో మొదట గట్టెక్కింది నీళ్ల మీది అర్జీనే, నీరు మానవ హక్కని. 16 లక్షలకు పైగా సంతకాలు పడ్డాయి. 2014లో కమిషన్ ఇచ్చిన జవాబు చప్పగా ఉందని అడిగినవాళ్లే పెదవి విరిచారు. అయినా 2020లో తాగునీటి నిబంధనలను తిరగరాశారు. గొప్పగా చెప్పుకోదగ్గదేమీ కాదు గానీ, అర్జీ ఎక్కడ ఇవ్వాలో అక్కడి పౌరుడికి తెలుసు.

2014 విభజన చట్టం 85వ సెక్షన్‌తో వచ్చిన మన బోర్డులో అటువంటి కిటికీ కూడా పెట్టలేదు. ఛైర్మన్‌ను కేంద్రం వేస్తుంది, రెండు రాష్ట్రాల తరఫునా ఉండేది అధికారులే. జనానికి జవాబు చెప్పుకోవాల్సినవాళ్లు కనిపించేది పైనున్న అపెక్స్ కౌన్సిల్‌లో: కేంద్ర జలశక్తి మంత్రి, ఇద్దరు ముఖ్యమంత్రులు. అది 2016 సెప్టెంబరులో ఒకసారి కూర్చుంది, మళ్లీ కూర్చున్నది 2020 అక్టోబరులో. 2021 జులైలో కేంద్రం బోర్డు పరిధిని, అంటే ఏయే ప్రాజెక్టులు దాని చేతికి పోవాలో, నిర్ణయిస్తూ గెజిట్ ఇచ్చింది. 2023 నవంబరు 30న, సరిగ్గా తెలంగాణ పోలింగ్ నాడు, ఆంధ్రప్రదేశ్ పోలీసులు సాగర్ డ్యాం మీదికి రావడంతో చివరికి కాపలా సీఆర్పీఎఫ్ చేతికి పోయింది. గేట్ల దగ్గరికి కేంద్ర బలగాలొచ్చాక బోర్డు గొడవ ఊరూరికీ పాకింది.

2024 ఫిబ్రవరి 12న ప్రాజెక్టులను బోర్డుకు అప్పగించేది లేదని తెలంగాణ శాసనసభ తీర్మానించింది. మర్నాడే నల్లగొండలో ప్రతిపక్షం బహిరంగ సభ పెట్టింది. అప్పగించింది మీరంటే మీరని రెండు పక్షాలూ తిట్టుకున్నాయి. ఆ బోర్డులో ఆయకట్టు రైతుకు ఒక కుర్చీ వేయించాలన్న ఊసు మాత్రం ఆ రగడలో పైకి రాలేదు.