నూట ఇరవై అంటే ఎంతెత్తు?

మా అపార్ట్‌మెంట్ మూడో ఫ్లోర్‌లో తొమ్మిదో క్లాసు చదివే పిల్ల ఒకతె ఉంది. మొన్న ఆదివారం ఆ పిల్ల, వాళ్ళ నానమ్మకి డాక్టరు రాసిన చీటీ పట్టుకుని మా ఇంటికొచ్చింది. అందులో బీపీ 150/90 అని, పక్కన ఎంఎంహెచ్‌జీ (మిల్లీమీటర్ల పాదరసం) అని ఉంది.

"తాతా, ప్రెషర్‌కి యూనిట్ పాస్కల్ అని కదా మా సార్ చెప్పింది? డాక్టరేమో మిల్లీమీటర్లు రాశాడు. మిల్లీమీటరంటే పొడుగు కదా. నానమ్మకి ప్రెషర్ చూశారా, పొడుగు చూశారా?"

ముప్పయ్యేళ్ళు ఫిజిక్స్ చెప్పాను. ఈ ప్రశ్న ఒక్క పిల్లాడూ అడగలేదు. అడగాలనిపించేలా నేనూ చెప్పలేదనుకోండి. ఒత్తిడంటే 'హెచ్ రో జీ' (ఎత్తు, సాంద్రత, గురుత్వం మూడింటి గుణకారం) అని బోర్డు మీద రాసి, సహస్రనామంలా క్లాసంతటి చేతా పలికించి, రెండు లెక్కలిచ్చి, బెల్లు కొట్టగానే బయటపడేవాణ్ణి.

పొడుగే చూశారమ్మా అన్నాను. ఇంకా సరిగ్గా చెప్పాలంటే ఎత్తు.

నానమ్మ గుండె ఒక్కసారి బిగిసినప్పుడు రక్తం మీద పడే తోపుకి, గాజు గొట్టంలో పాదరసం 150 మిల్లీమీటర్లు లేచి నిలబడుతుంది. జానెడు కూడా కాదు. కానీ పాదరసం నీటికంటే 13.6 రెట్లు బరువు. అదే గొట్టంలో నీళ్ళు పోస్తే 2,040 మిల్లీమీటర్లు లేస్తాయి. రెండు మీటర్ల పైమాట, దాదాపు మన గుమ్మమంత ఎత్తు. మామూలు బీపీ 120 అయితే 163 సెంటీమీటర్లు, అంటే అయిదడుగుల నాలుగంగుళాలు. గుండె నిమిషానికి డెబ్భైసార్లు ఒక మనిషెత్తు నీటిని నిలబెడుతోందన్నమాట. చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి అటూ ఇటూ ఒకేలా ఉంటుంది కాబట్టి ఈ లెక్కలోకి రాదు. ఇదంతా దాని పైన చేరే ఒత్తిడి.

"గొట్టం సన్నగా ఉంటే ఇంకా ఎత్తుకి లేస్తుందా?" అంది.

లేవదు. పిల్లలే కాదు, పెద్దలూ తడబడేది ఇక్కడే. గొట్టం వెడల్పు రెట్టింపు చేస్తే నీటి బరువు నాలుగు రెట్లవుతుంది, నిజమే. కానీ ఆ బరువు మోసే అడుగు వైశాల్యం కూడా నాలుగు రెట్లయింది కదా. చదరపు సెంటీమీటరు వంతుకి వచ్చే భారం మారదు. మారేదల్లా ఎత్తుతోనే. డాబా మీద 500 లీటర్ల ట్యాంకు ఉన్నా 2,000 లీటర్లది ఉన్నా, నీటి మట్టం ఒకటే అయితే కింద కుళాయికి తేడా తెలియదు. హైదరాబాద్ గండిపేట చెరువు కట్టకీ అంతే. 1908 మూసీ వరద తరవాత కట్టడం మొదలుపెట్టి 1920లో పూర్తిచేసిన ఆ కట్ట అడుగున లావుగా ఉండడానికి కారణం చెరువు విశాలం కాదు, లోతు. నీళ్ళు కట్ట వెనక పది అడుగుల దూరమే ఉన్నా, పది మైళ్ళ దూరం పరుచుకున్నా, లోతు ఒకటే అయితే కట్టని నెట్టే బలమూ ఒకటే.

రక్తాన్నే గొట్టంలోకి ఎక్కించి కొలిచిన మహానుభావుడు ఒకాయన ఉన్నాడు. స్టీఫెన్ హేల్స్, ఇంగ్లండులో చర్చి పాదరీ. ఒక ఆడగుర్రాన్ని వెల్లకిలా కట్టేసి, తొడలోని ధమనికి ఇత్తడి గొట్టం, దానికి తొమ్మిదడుగుల గాజు గొట్టం తగిలించాడు. రక్తం గుండె మట్టం నుంచి 8 అడుగుల 3 అంగుళాలు లేచి, నాడి కొట్టుకున్నప్పుడల్లా రెండు మూడంగుళాలు పైకీ కిందికీ ఊగిందట. ఆ సంగతి 1733లో అచ్చు వేశాడు. పాదరసంలోకి మారిస్తే దాదాపు 196 మిల్లీమీటర్లు. కాళ్ళు కట్టేసి ధమని కోస్తుంటే దానికి ఎంత టెన్షనో!

మనుషులకి ఇలా కుదరదు కదా. 1828లో ఫ్రెంచి డాక్టరు పాయిజెల్ పాదరసం గొట్టం తెచ్చి ఎత్తు తగ్గించాడు. 1896లో రీవా రోచ్చీ జబ్బకి చుట్టే గాలి పట్టీ కనిపెట్టాడు. 1905లో కొరోట్కాఫ్ పట్టీ కింద స్టెతస్కోపు పెట్టి టక్ టక్ శబ్దం వినమన్నాడు. ఇప్పుడు పాదరసం విషమని ఆస్పత్రుల్లోంచి తీసేస్తున్నారు, డిజిటల్ మిషన్లొచ్చాయి. పాదరసం పోయినా దాని మిల్లీమీటరు మాత్రం చీటీ మీద మిగిలిపోయింది.

ఎత్తు లెక్క అర్థమైందంటే ఆస్పత్రిలో సగం వింతలు విడిపోతాయి. ఆ మధ్య మా బావమరిదికి డెంగ్యూ వచ్చి ఒక నర్సింగ్ హోములో చేర్చాం. చేతికి సెలైన్ ఎక్కుతోంది. బాత్రూముకని లేచి, స్టాండు మీది సీసా తీసి, పాలప్యాకెట్టు పట్టుకున్నట్టు రెండో చేత్తో తొడ పక్కన వేలాడేసుకుని నడిచాడు. నాలుగడుగులు వేశాడో లేదో, సన్నటి ట్యూబులో ఎర్రగా రక్తం పైకి పాకింది. మా మరదలు ఒకటే కేక. వరండాలో తుడుస్తున్న ఆయా వచ్చి, సీసా గుంజుకుని తలపైకెత్తి, "గిట్ల పైకి పట్టుకోవాలె సార్, కిందికి పడితె రక్తమొస్తది" అంది. ఎరుపు మెల్లగా వెనక్కి జారింది. మా క్లాసులో ఆమె ఉంటే నేను బోర్డు దగ్గర అంత కష్టపడాల్సిన పని ఉండేది కాదు.

పడుకున్నప్పుడు చేతి సిరలో ఒత్తిడి 10 మిల్లీమీటర్ల పాదరసం లోపే ఉంటుంది, అంటే ఇంచుమించు 13 సెంటీమీటర్ల నీరు. సీసా దానికంటే పైనుంటే సెలైన్ లోపలికి, కిందికొస్తే రక్తం బయటికి. స్టాండు మీద సీసా చేతికి మీటరు పైన ఉంటే 73 మిల్లీమీటర్ల తోపు వస్తుంది, సిరని గెలవడానికి అది ధారాళం. మావాడు చేసిన రెండో తప్పు చెయ్యి కిందికి వేలాడేయడం. గుండె కంటే చెయ్యి అర మీటరు కిందికి దిగితే ఆ ఎత్తు రక్తం బరువంతా సిర మీద పడి, ఒత్తిడి ఇంకో 39 మిల్లీమీటర్లు పెరుగుతుంది.

ఇక్కడ ఇంకో సూక్ష్మం ఉంది, చెప్పకుండా ఉండలేను. ఎత్తు రెట్టింపు చేస్తే ధార సుమారు రెట్టింపవుతుంది. అదే సూది రంధ్రం వ్యాసం రెట్టింపు చేస్తే, ధార సాఫీగా సాగినంతవరకూ, పదహారు రెట్లవుతుంది. వ్యాసార్ధపు నాలుగో ఘాతం. ఈ నియమమూ మన పాయిజెల్‌దే. యాక్సిడెంటు కేసుకి లావు సూది గుచ్చేది అందుకే. సీసా ఎంతెత్తుకి లేపినా సన్నసూది కొసరి కొసరే వదులుతుంది. సిస్టరు చుక్కలు లెక్కపెడుతుంది చూడండి, అదీ మంచి లెక్కే. మామూలు సెట్టులో 20 చుక్కలు ఒక మిల్లీలీటరు. 500 మిల్లీలీటర్లు నాలుగు గంటల్లో ఎక్కాలంటే 10,000 చుక్కలు, 240 నిమిషాలు, నిమిషానికి దాదాపు 42. సీసా పైభాగంలో ఉత్త సూది ఒకటి గుచ్చి వదిలేయడం కూడా చూసే ఉంటారు. అది గాలి లోపలికి రావడానికి. అది లేకపోతే గట్టి సీసాలో పైన ఖాళీ ఏర్పడి, కొంతసేపటికి చుక్క ఆగిపోతుంది.

నానమ్మ బీపీ ఎక్కడ, ఎలా చూశారని అడిగాను. బల్ల లేదట, చెయ్యి కుర్చీ పక్కకి వేలాడుతోందట. అదీ సంగతి. పట్టీ గుండె మట్టానికి ఒక్కో సెంటీమీటరు దిగిన కొద్దీ 0.78 మిల్లీమీటరు ఎక్కువ చూపిస్తుంది. పది సెంటీమీటర్లు దిగితే దాదాపు ఎనిమిది. 150లో అంత వాటా చెయ్యి దిగినందుకే కావచ్చు. అలా అని మాత్రలు మానేయమని కాదు. అయిదు నిమిషాలు కూర్చున్నాక, చెయ్యి బల్ల మీద గుండె ఎత్తున ఆనించి, మాట్లాడకుండా మళ్ళీ చూపించుకోమన్నాను.

ఇదే లెక్క పాదాలకి వేయండి. గుండె నుంచి పాదానికి మీటరుంపావు. కదలకుండా నిలబడితే పాదం సిరల్లో 90 మిల్లీమీటర్ల పైచిలుకు చేరుతుంది. సుల్తాన్‌బజార్ చీరల కొట్లో సేల్స్ అమ్మాయిలు పొద్దస్తమానం నిలబడతారు, సాయంత్రానికి చెప్పులు బిగుతవుతాయి. నడిస్తే నయం. పిక్క కండరం సిరని పిండి రక్తాన్ని పైకి తోస్తుంది, సిరలోని కవాటాలు వెనక్కి రానివ్వవు. జిరాఫీ సంగతి ఇంకా ఘోరం. గుండె నుంచి తలకి రెండు మీటర్ల ఎత్తు ఎక్కడానికే 156 మిల్లీమీటర్లు కావాలి, అందుకే దాని బీపీ మనకు రెట్టింపు. మన డాక్టరు చూస్తే వెంటనే అడ్మిట్ చేసుకుంటాడు.

ఇంతవరకూ నెట్టడం. పీల్చడంలో తమాషా వేరే ఉంది. స్ట్రాతో కొబ్బరినీళ్ళు తాగుతుంటే మనం లాగుతున్నాం అనుకుంటాం. లాగడమేం లేదు, నోట్లో గాలి తగ్గిస్తాం, బయటి గాలి నీటిని పైకి తోస్తుంది. ఆ గాలి ఎంత తోయగలదు? సముద్ర మట్టంలో 760 మిల్లీమీటర్ల పాదరసం, నీరైతే 10.3 మీటర్లు. మన హైదరాబాద్ సముద్రానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది, గాలి కాస్త పల్చన, ఇక్కడ 710 దాకా, నీరు 9.7 మీటర్లు. ఇటలీలో బావుల పంపులు దాదాపు పది మీటర్ల పైకి నీళ్ళు తేలేక మొరాయించేవి. 1640ల్లో ఆ చిక్కు మీద బుర్ర పెట్టిన టోరిచెల్లి, నీటికి బదులు పాదరసం వాడి, గాలికీ బరువుందని తేల్చాడు. 1648లో పాస్కల్ తన బావగారి చేత పాదరసం గొట్టాన్ని కొండెక్కించాడు. పైకి పోయేకొద్దీ మట్టం దిగింది.

మన నగరంలో బోర్లు 300 అడుగులు, 800 అడుగులు, కొన్నిచోట్ల వెయ్యి. పైన మోటారు పెట్టి పీలిస్తే ముప్పయ్యడుగుల్లోపే ఆట కట్టు. ఎన్ని హార్స్‌పవర్లు పెట్టినా అంతే, ఎందుకంటే తోసేది మోటారు కాదు, గాలి. అందుకే మోటారుని అడుగుకి దించి కింది నుంచి నెట్టిస్తారు, అదే సబ్‌మెర్సిబుల్. బోరు పాయింటు చూడ్డానికి మాత్రం ఇప్పటికీ అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నడిచే పెద్దమనిషిని పిలుస్తారు. మా అపార్ట్‌మెంటుకీ పిలిచారు. కాయ లేచి నిలబడింది, బోరులో దుమ్ము లేచింది. నేను వద్దన్నానని అసోసియేషన్ మీటింగులో నన్నే నాస్తికుడన్నారు. నాకు దేవుడితో పేచీ లేదు, ఆ కాయతోనే.

మెకానిక్ షెడ్డులో జాకీ సంగతి టూకీగా. అక్కడ ఎత్తైన నీటి స్తంభం బదులు చేతి పిడి ఒత్తిడి పుట్టిస్తుంది, నూనె దాన్ని తగ్గకుండా అన్ని మూలలకీ మోస్తుంది. ఒక సెంటీమీటరు వ్యాసం ఉన్న పిస్టన్ నొక్కితే అయిదు సెంటీమీటర్ల పిస్టన్ 25 రెట్లు బలంతో లేస్తుంది, కానీ 25 సెంటీమీటర్లు నొక్కితే ఒక్కటే లేస్తుంది. ఊరికే ఏదీ రాదు. బ్రేకు ఆయిల్‌లో గాలి చేరితే పెడల్ మెత్తగా దిగిపోతుంది, ఎందుకంటే నొక్కుడంతా గాలి బుడగ నలగడానికే ఖర్చు. "ఎయిర్ తీయాలె సార్" అని మెకానిక్ చేసే పనికి పేరు బ్లీడింగ్.

మాటలతో పిల్ల ఊరుకోలేదు. మేస్త్రీలు గోడల మట్టం చూసుకునే పారదర్శక ట్యూబు మూడు మీటర్లు తెప్పించి, యూ ఆకారంలో మెట్ల రెయిలింగుకి కట్టి, నీలిసిరా కలిపిన నీళ్ళు పోశాం. ఒక కొసలో నోరు పెట్టి ఊదింది. రెండు వైపులా మట్టాల తేడా 60 సెంటీమీటర్లు. అంటే 44 మిల్లీమీటర్ల పాదరసం. నాకు 55 దాటలేదు. వాచ్‌మన్ సరదాపడి ఊదితే 90 వచ్చింది, సిరా నీళ్ళు పైనుంచి చింది మొదటి మెట్టు నీలమైంది. గుండె ఎత్తే 163కి ముగ్గురం ఆమడ దూరంలో ఉన్నాం.

మెట్టు తుడుస్తూ అంది: "తాతా, గాలి పది మీటర్లే తోస్తుందన్నావు కదా. మరి కొబ్బరిచెట్టు ఇరవై మీటర్లుంటుంది. దానికి కింద మోటారు లేదు, గుండె లేదు. పైన కాయలోకి నీళ్ళెలా పోతున్నాయి?"

అక్కడ నిజంగానే లాగుడుంది. ఆకుల్లోంచి నీరు ఆవిరవుతుంటే, సన్నటి నాళాల్లో నీటి అణువులు ఒకదాన్నొకటి పట్టుకుని తాడులా పైకొస్తాయి. 1894లో డిక్సన్, జోలీ ఇద్దరూ చెప్పిన మాట. ఆ నాళంలో నీటి ఒత్తిడి సున్నా కంటే కిందికి పోతుంది. బుడగ పడితే తాడు తెగుతుంది. సున్నా కంటే తక్కువ ఒత్తిడి ఏమిటంటూ పిల్ల తుడుపుగుడ్డ పక్కన పెట్టి, మెట్టు మీద కూర్చుంది.