బిస్కెట్లు ఎందుకు అతుక్కుపోయాయంటే

ప్రొద్దుటూరు

చిన్నోడికీ, అమ్మణ్ణికీ జేజి దీవెనలు.

మొన్న ఫోన్లో అమ్మణ్ణి గొంతు వింటే ఏడ్చినట్టు అనిపించింది. గుండ్రంగా కోసి పెట్టిన చక్కెర బిస్కెట్లు ఓవెన్లో పారి, అన్నీ కలిసి ఒకే అట్ట అయ్యాయంటే ఎవరికైనా బాధే. కొలతలు సరిగానే వేశారు. మైదా 200 గ్రాములు, వెన్న 100, చక్కెర పొడి 100, రెండు చెంచాల పాలు, చిటికెడు ఉప్పు, కొంచెం యాలకుల పొడి. నేనూ అంతే వేస్తాను. చెడగొట్టింది కడప ఎండ.

వెన్న 32–35 డిగ్రీలకే కరిగిపోతుంది. మే నెలలో మన దగ్గర 40 దాటుతుంది, ఇక వంటింటి సంగతి చెప్పనే అక్కర్లేదు. మీరు పిండి కలిపేసరికే వెన్న సగం నూనె అయి ఉంటుంది. అలాంటి ముద్ద ఓవెన్లోకి పోతే మైదా గట్టిపడేలోపే పక్కకు పారుతుంది. ముద్ద చల్లగా ఉంటే వెన్న నిదానంగా కరుగుతుంది, ఆలోపు అంచు నిలబడుతుంది. అందుకే ముద్దను మందపాటి రొట్టెలా తట్టి గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టండి. ఉండలా పెడితే లోపలిదాకా చల్లబడదు. కోశాక ట్రేతో సహా ఇంకో పది నిమిషాలు. పొద్దున ఆరింటికే మొదలుపెడితే ఇంకా మేలు.

వెన్న, చక్కెర పొడి గిలకొట్టేటప్పుడు తొందరపడొద్దు. కాసేపటికి రంగు తేలి, గరిటె తేలిగ్గా తిరుగుతుంది. గాలి చేరిందన్నమాట. బిస్కెట్టు గుల్లగా విరిగేది దానివల్లే. మైదా పడ్డాక మాత్రం చపాతీ పిండిలా పిసకొద్దు, సాగుడు వచ్చి బిస్కెట్లు గట్టిపడతాయి.

నా చిన్నప్పుడు మైదా, చక్కెర, డాల్డా ఇంటినుంచే పట్టుకెళ్లి, బేకరీలో కూలి ఇచ్చి చేయించుకునేవాళ్లం. ఒకసారి బట్టీలోంచి తీసిన వెంటనే ఒకటి పట్టుకుంటే మెత్తగా వంగింది. పచ్చిగా ఉన్నాయని ఏడుపు మొదలుపెట్టాను. "చల్లారనీ పాపా" అన్నాడు బట్టీ ఆయన. ఇంటికొచ్చేసరికి కరకరలాడాయి! మీరూ 175 డిగ్రీల్లో 10–12 నిమిషాలకు, అంచు బంగారు రంగుకు రాగానే తీసేయండి. నడుమ మెత్తగా ఉన్నా టెన్షన్ పడొద్దు.

ఆ అట్టను పారేయలేదు కదా? ముక్కలు చేసి డబ్బాలో దాచండి. ఆదివారం వస్తున్నా, పాలలో వేసుకుని తిందాం.

మీ జేజి