గొంతు పెంచితే కేసు: నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో లాఠీకీ అర్జీకీ మధ్య పాత లెక్క

2023 మే 12న కావలి నుంచి వచ్చిన ఒక ఫొటో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ రోజు ఊళ్ళో అప్పటి ముఖ్యమంత్రి జగన్ సభ. కాన్వాయ్‌కి అడ్డం పడబోయిన బీజేపీ కార్యకర్తల్లో ఒకరి మెడను ఒక పోలీసు అధికారి తన రెండు కాళ్ళ మధ్య ఇరికించి పట్టుకున్నాడు. సాయంత్రానికల్లా ఆ ఫొటో రాష్ట్రమంతా తిరిగింది. చూసినవాళ్ళు రెండు రకాలుగా మాట్లాడారు. కాన్వాయ్ మీదకు పోతే ఊరుకుంటారా అన్నవాళ్ళున్నారు, మనిషిని పట్టుకునే తీరు అదేనా అన్నవాళ్ళున్నారు. సభ దేని గురించో మాత్రం ఎవరికీ పట్టలేదు.

అది చుక్కల భూముల సభ. బ్రిటిషు కాలంలో రెవెన్యూ వాళ్ళు రాసిన రీ సెటిల్‌మెంట్ రిజిస్టర్లలో పట్టాదారు పేరు ఉండాల్సిన గడిలో కొన్నిచోట్ల పేరుకు బదులు చుక్కలు పెట్టి వదిలేశారు. తరాలుగా దున్నుకుంటున్నవాళ్ళున్నా కాగితం మీద మాత్రం చుక్కలే. 2016లో ఆ భూముల్ని నిషేధిత జాబితాలో చేర్చేసరికి అమ్ముకోవడానికీ తాకట్టు పెట్టుకోవడానికీ దారి మూసుకుపోయింది. ఆ జాబితాలోంచి 2 లక్షల ఎకరాలకు పైగా తీసేస్తున్నామని ప్రకటించడానికే ముఖ్యమంత్రి కావలి వచ్చారు. ఆ చుక్కలు పెట్టిన కచేరీకీ, ఆ మెడ పట్టుకున్న పద్ధతికీ దగ్గరి చుట్టరికం ఉంది. అది తెలియాలంటే రెండు వందల ఏళ్ళు వెనక్కి పోవాలి.

ఊరి పేరే కావలి. ఊళ్ళకు కాపలా కాసి, దానికి మేర (పంటలో వాటా) తీసుకునే పాతకాలపు ఏర్పాటును కూడా కావలి అనే అనేవారు. నెల్లూరు సీమ 1801లో ఆర్కాటు నవాబు చేతిలోంచి ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చాక ఆ ఏర్పాటు పాళెగాళ్ళ నుంచి, జమీందార్ల నుంచి జారిపోయింది. మద్రాసు ప్రభుత్వం 1816లో పదకొండో రెగ్యులేషన్ తెచ్చి, శిస్తు వసూలు చేసే తహసీల్దారునే తాలూకా పోలీసుకు పెద్దను చేసింది. ఊరి తలారి అతని కింది మనిషి. శిస్తు కట్టలేనివాణ్ణి పిలిపించేదీ, కట్టేదాకా ఎండలో నిలబెట్టేదీ, అన్యాయం జరిగిందని మొర పెట్టుకుంటే వినేదీ ఒకే మనిషి. కొట్టినవాడి దగ్గరికే పోయి కొట్టాడని చెప్పుకోవాలి.

దీని ఫలితం 1855లో అచ్చు కాగితం మీదికెక్కింది. మద్రాసు రాజధానిలో, అంటే ఆనాటి మద్రాసు ప్రెసిడెన్సీలో, జనాన్ని హింసిస్తున్నారని అంతకు ముందు ఏడాది లండన్ పార్లమెంటులో గొడవ జరిగితే, ఇక్కడ ముగ్గురు సభ్యులతో కమిషన్ వేశారు. ఇలియట్, స్టోక్స్, నార్టన్. మూడు నెలల్లో వాళ్ళ ముందుకు 1,900కు పైగా ఫిర్యాదులు వచ్చాయి. వందల మైళ్ళు నడిచి మద్రాసు చేరినవాళ్ళున్నారు. ఆ నివేదికలో హింస పద్ధతుల పట్టిక ఉంది. అందులో అన్నిటికంటే ఎక్కువగా కనబడేవి రెండు. ఒకటి, రెండు కర్రల మధ్య చెయ్యి పెట్టి నొక్కడం. అరవంలో కిట్టి, తెలుగులో ‘చీరత’ అని రాసుకున్నారు (ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్నది కాబట్టి మన వాళ్ళు చిరత అన్నారో చీరత అన్నారో చదివేవాళ్ళ ఇష్టం). రెండోది ‘గింజెరి’. మనిషిని వంచి, అతని పంచెతోనో ఎండుగడ్డి వెంటితోనో మెడనూ కాళ్ళనూ కలిపి కట్టి, అలాగే వదిలేయడం. తాడు కూడా కొనక్కర్లేదు, ఒంటి మీద బట్ట చాలు.

ఆ వర్ణన చదివాక కావలి ఫొటో మళ్ళీ చూశాను. రెండూ ఒకటే అనను. ఒకటి శిస్తు కోసం గంటల తరబడి పెట్టిన బాధ, ఇంకొకటి తోపులాటలో కొన్ని క్షణాల పట్టు. కానీ మనిషిని లొంగదీయడమంటే మెడ వంచడమే అన్న తెలివి ఆ కాలం నుంచి ఈ కాలానికి చెక్కు చెదరకుండా వచ్చింది.

కమిషన్ సభ్యులు ఒక తెలివైన పనీ చేశారు. హింస నిజమేనని ఒప్పుకుంటూనే, తప్పంతా నేటివు ఉద్యోగులదనీ దొరల తప్పేమీ లేదనీ తేల్చేశారు. జనం తమ సాటివాళ్ళ నుంచే కాపాడమంటున్నారట. 1857లో కార్ల్ మార్క్స్ న్యూయార్క్ పత్రికలో ఈ నివేదిక గురించే రాస్తూ, ఆ సాకు ఎంతమాత్రం నిలబడదన్నాడు. కింది కానిస్టేబుల్ సస్పెండు అయి, పైవాళ్ళ మీద ఈగ వాలకుండా పోయే ఆనవాయితీకి ఇంతకంటే పాత నమూనా నాకు తెలియదు.

కమిషన్ వల్ల జరిగిన మేలు ఒకటుంది. 1859 చట్టంతో మద్రాసు రాజధానిలో పోలీసును రెవెన్యూ నుంచి విడదీశారు. తహసీల్దారు చేతిలో శిస్తు మిగిలింది, లాఠీ కొత్త శాఖకు పోయింది. రెండేళ్ళకు 1861 పోలీసు చట్టం వచ్చింది. 1857 తిరుగుబాటు తర్వాత రాసుకున్న చట్టం కాబట్టి, అందులో జనానికి జవాబు చెప్పే ఏర్పాటు కోసం వెతకడం దండగ.

విచిత్రమేమిటంటే ఆ పోలీసు మీద వాళ్ళను పెట్టిన సర్కారుకే నమ్మకం లేదు. 1860 శిక్షాస్మృతిలో 330వ సెక్షన్, నేరం ఒప్పించడానికి కొట్టడం గురించినది. దానికింద ఇచ్చిన మొదటి ఉదాహరణ, ఒక పోలీసు అధికారి ఒక మనిషిని నేరం ఒప్పుకొమ్మని హింసించడం. ఉదాహరణకు వేరే మనిషి దొరకలేదు. పోలీసు ముందు చేసిన ఒప్పుకోలు కోర్టులో చెల్లదని 1872 సాక్ష్య చట్టం చెప్పింది. 2024 జూలై 1 నుంచి ఈ చట్టాల పేర్లు మారాయి, నంబర్లు మారాయి. ఉదాహరణలో ఉన్న పోలీసు మాత్రం అక్కడే ఉన్నాడు. 1902లో వేసిన ఫ్రేజర్ కమిషన్ కూడా ఈ శాఖ అవినీతిదనీ జనాన్ని పీడించేదనీ లోకం అనుకుంటోందని మొహమాటం లేకుండా రాసింది.

ఇక మన వినోదరాయునిపాలెం బిడ్డ దగ్గరికి వద్దాం. 1928 ఫిబ్రవరి 3న మద్రాసులో సైమన్ కమిషన్ వ్యతిరేక హర్తాళ్ రోజు, తుపాకీ ఎత్తిన పోలీసు ముందు టంగుటూరి ప్రకాశం చొక్కా తెరిచి గుండె చూపించాడు. మా జిల్లాలో చిన్నపిల్లలకు కూడా తెలిసిన కథ. ఒళ్ళు మండిన మనిషి పోలీసు మీద గొంతెత్తితే దాన్ని వీరత్వమని పాఠంగా చెబుతున్నాం, మంచిదే. ఇదే ప్రకాశం మద్రాసు ప్రధానిగా (అప్పట్లో ముఖ్యమంత్రిని అలాగే అనేవారు) ఉండగా, 1947 జనవరిలో కమ్యూనిస్టుల మీద ఆర్డినెన్స్ వచ్చింది. విచారణ లేకుండా జైల్లో పెట్టడానికి వీలిచ్చిన ఆ కాగితాన్ని పాతతరం వామపక్షం వాళ్ళు ‘ప్రకాశం ఆర్డినెన్స్’ అనే అంటారు. లాఠీ ఎవరి చేతికి వస్తే వాళ్ళకు దాని అవసరం అర్థమవుతుందేమో. 1970లో నెల్లూరు, గుంటూరు, కర్నూలు జిల్లాల ముక్కలు కలిపి చేసిన ఒంగోలు జిల్లాకు 1972లో ఆయన పేరే పెట్టారు. ఒంగోలు కలెక్టరేటు పేరు ప్రకాశం భవన్. దాని ముందు ధర్నా చెయ్యాలంటే ముందు పోలీసు పర్మిషన్ కావాలి.

ఆ పర్మిషన్ మూలం కూడా 1861 చట్టమే. ‘జిల్లాలో సెక్షన్ 30 అమలు’ అని జిల్లా ఎడిషన్లలో నెలకోసారి సింగిల్ కాలమ్ వార్త పడుతుంది, ఎవరూ చదవరు. సభలు, ఊరేగింపులు ఎటు పోవాలో ఎప్పుడు జరగాలో నియంత్రించే అధికారం అది. నియంత్రించడమే, మొత్తంగా ఆపెయ్యడం కాదు. ఉల్లంఘిస్తే జరిమానా ఆనాటి లెక్కలో 200 రూపాయలకు మించదు. 2022 డిసెంబర్ 28న కందుకూరులో చంద్రబాబు రోడ్‌షోలో తొక్కిసలాట జరిగి 8 మంది చనిపోయారు. ఐదు రోజులకే, 2023 జనవరి 2న ప్రభుత్వం జీవో 1 తెచ్చి రోడ్ల మీద సభలకు దాదాపు తాళం వేసింది. ఆధారం అదే సెక్షన్ 30. హైకోర్టు ఆ జీవోను కొట్టేసింది. తేదీ 2023 మే 12. కావలిలో ఆ మెడ ఇరుక్కున్న రోజే.

రాజకీయ కార్యకర్త సంగతి ఒక రకం. అతని వెనక పార్టీ ఉంటుంది, కెమెరా ఉంటుంది. ఏ జెండా లేనివాడి సంగతి వేరు. 2020 జూలైలో, అప్పటికింకా ప్రకాశం జిల్లాలోనే ఉన్న చీరాలలో, మాస్కు దగ్గర పోలీసులకూ బైకు మీద పోతున్న ఇద్దరు కుర్రాళ్ళకూ మాటా మాటా పెరిగింది. ఆ ఇద్దరిలో ఒకడు, దళిత యువకుడు, తలకు దెబ్బతో గుంటూరు ఆసుపత్రిలో చనిపోయాడు. జీపులోంచి దూకాడని పోలీసులన్నారు, కొట్టారని ఇంటివాళ్ళన్నారు. ప్రభుత్వం 10 లక్షల రూపాయల పరిహారం ప్రకటించి విచారణకు ఆదేశించింది. అదే వారంలో తూర్పుగోదావరి జిల్లా సీతానగరం స్టేషన్‌లో ఇంకో దళిత యువకుడికి గుండు గీశారు. మాట తూలినందుకు ఎవరి ఒళ్ళు వాస్తుంది, ఎవరికి కుర్చీ వేస్తారు అన్నది స్టేషన్ గడప తొక్కకముందే చాలావరకు తేలిపోయి ఉంటుంది.

హద్దులు లేవని కాదు. అరెస్టు చేసేటప్పుడు ఎదిరిస్తే తప్ప బలం వాడకూడదు, పారిపోకుండా ఉండటానికి ఎంత కావాలో అంతకు మించి కట్టడి చెయ్యకూడదు. ఇది పాత నేర విచారణ చట్టం సీఆర్‌పీసీలోనూ ఉంది, దాని బదులు వచ్చిన ఇప్పటి నాగరిక సురక్షా సంహితలోనూ ఉంది. 1996 డిసెంబర్‌లో డీకే బసు కేసులో సుప్రీంకోర్టు 11 ఆదేశాలిచ్చింది. పేరు బ్యాడ్జీ కనబడాలి, అరెస్టు మెమో రాయాలి, ఒంటి మీద దెబ్బలుంటే నమోదు చెయ్యాలి. 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో, పోలీసుల మీద ఫిర్యాదులు వినడానికి వేరే అథారిటీ పెట్టమంది. మన రాష్ట్రంలో 2021లో దానికి ఛైర్మన్‌ను వేస్తే ఆ నియామకాన్ని హైకోర్టు నిలిపేసింది. 2020 డిసెంబర్‌లో ప్రతి స్టేషన్‌లోనూ సీసీ కెమెరాలుండాలనీ, రికార్డింగు 18 నెలలు దాచాలనీ ఇంకో తీర్పు వచ్చింది. రాష్ట్ర మానవ హక్కుల కమిషన్ 2021 నుంచి కర్నూలులో ఉంది. నాయుడుపేట నుంచి ఒకడు దెబ్బలు చూపించుకోవడానికి కర్నూలు పోవాలంటే ఎన్ని బస్సులు మారాలో లెక్కేసుకోండి. 1855లో మద్రాసుకు నడిచి పోయినవాళ్ళు గుర్తుకొస్తారు.

పోలీసు వైపు మాటా ఒకటుంది. వారానికో సెలవు అని 2019లో ప్రకటించినప్పుడు స్టేషన్లలో నిజంగానే సంబరం కనబడింది. ఆ తర్వాత అడిగితే నవ్వేవాళ్ళే ఎక్కువ. పండగ బందోబస్తు, వీఐపీ బందోబస్తు చేసి, నిద్రలేని కళ్ళతో డెస్కు దగ్గర కూర్చున్నవాడికి ఎదురుగా అరిచే మనిషి ఎలా కనబడతాడో ఊహించగలను. కానీ అదే మనిషి అదే అలసటతో ఎమ్మెల్యే మనుషుల మీద విసుక్కోవడం నేనెప్పుడూ చూడలేదు.

చూసిందొకటి చెబుతాను. ఊరి పేరు, స్టేషన్ పేరు వద్దు. పని మీద పోయి బెంచీ మీద కూర్చుని ఉన్నాను. అరవై దాటిన రైతు, భుజాన కండువా, చేతిలో మడతలు పడి చిరుగుతున్న అర్జీ. తమ్ముడి కొడుకు గట్టు దున్నేసి, అడిగితే చెయ్యి చేసుకున్నాడని. స్టేషన్ రాతకోతలు చూసే రైటర్ తలెత్తకుండానే “రేపు రాపో” అన్నాడు.

“నాలుగు తూర్లు వచ్చినా సార్. ఒక్క తూరన్నా రసీదు ఇయ్యలా.”

“ఇచ్చేదానికి ఎస్సై గారు లేరని చెప్పా గదా.”

“మొన్నా లేరంటిరి, నిన్నా లేరంటిరి. వాడు మాత్రం పొద్దున ఎస్సై గారితో టీ తాగతా ఉండాడే!”

గొంతు లేచింది ఆ ఒక్క మాట దగ్గరే. పక్కనున్న కానిస్టేబుల్ “ఏందిరా, అరస్తా ఉండావు” అంటూ కండువా రెండు కొసలూ కలిపి పట్టుకుని గుమ్మం దాకా లాక్కుపోయాడు. పెద్దాయన కింద పడకుండా ఉండటానికి కానిస్టేబుల్ చెయ్యి పట్టుకున్నాడు. యూనిఫాం గుండీ ఒకటి తెగి నేల మీద పడింది. గుమ్మం పైన కెమెరా ఉంది, పచ్చ లైటు వెలుగుతూనే ఉంది.

ఆ గుండీ చాలు. ‘మూడొందల యాభై మూడు’ అంటే మా వైపు పల్లెల్లో కూడా తెలియనివాళ్ళు లేరు. పాత శిక్షాస్మృతిలో ఆ సెక్షన్ అంటే విధుల్లో ఉన్న ప్రభుత్వోద్యోగి మీద చెయ్యి చేసుకోవడం, బెయిలు స్టేషన్‌లో దొరకని కేసు, రెండేళ్ళ దాకా శిక్ష. కొత్త న్యాయ సంహితలో దాని నంబరు 132 అయింది గానీ జనం నోట పాత నంబరే నడుస్తోంది. కొట్టారని ఫిర్యాదు చెయ్యబోయేవాడికి ముందు ఇదొకటి తగిలించి పెడితే, తర్వాత రాజీకి కూర్చున్నప్పుడు పనికొస్తుంది. ఇది నా మాట కాదు, ఒక రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్ టీ బంకు దగ్గర చెప్పిన మాట.

ఫిర్యాదు ఇచ్చినవాడికి ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలని చట్టంలో ఉంది. నాలుగు తూర్లు తిరిగినా పెద్దాయన అర్జీకి నంబరు పడలేదు. మర్నాడు మాత్రం ఆయన కొడుకు లాయరుతో వెళ్ళి ఒక ఎఫ్‌ఐఆర్ కాపీ తెచ్చుకున్నాడు. అందులో ముద్దాయి గడిలో తండ్రి పేరు, తాత పేరు, ఇంటి పేరు, అక్షరం పొల్లు పోకుండా ఉన్నాయి.