పాలని బాలు అని విన్న ఫోనూ, కాటూరు రెడ్డిగారూ

మొన్నామధ్య సాయంత్రం మా అమ్మ ఫోన్‌లో మైక్ బటన్ నొక్కి "పాలు తెచ్చినవా" అని అడిగితే నాకొచ్చిన మెసేజ్ "బాలు వచ్చినాడా". కూకట్‌పల్లి ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఏ బాలు, ఎక్కడి బాలు అని బుర్ర గోక్కుని చివరికి కాల్ చేస్తే అమ్మ ఒకటే నవ్వు, దీనికి చెవుడురా అని. నిజానికి దాని తప్పేం లేదు. ప, బ రెండూ పెదాలు మూసి తెరిస్తేనే పలుకుతాయి, తేడా అల్లా గొంతు ఎప్పుడు మోగడం మొదలైంది అన్నదే, అది సెకనులో వందో వంతుల లెక్క, పక్కన కుక్కర్ విజిల్ వేస్తుంటే మనిషి చెవికే ఆ తేడా దొరకదు. మరి నేనైతే ఎలా పట్టేసేవాణ్ణి అంటే, నేను ఇంటికొచ్చే టైమ్‌కి అమ్మ అడిగేది పాల గురించే అని నాకు తెలుసు కాబట్టి. సగం చెవితో వింటాం, సగం ముందే తెలిసిన సంగతితో వింటాం.

ఈ రెండో సగాన్ని మిషన్‌కి ఎలా ఇవ్వాలా అని దశాబ్దాల పాటు కూర్చున్నాయన మన ఉమ్మడి చిత్తూరు జిల్లా మనిషి. డబ్బాల రాజగోపాల్ రెడ్డి, ప్రపంచానికి రాజ్ రెడ్డి. 1937లో కాటూరులో రైతు కుటుంబంలో పుట్టారు, ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటివాడు, స్కూలు శ్రీకాళహస్తిలో, మద్రాసు గిండీ కాలేజీలో 1958కి సివిల్ ఇంజనీరింగ్. అవును, సివిల్. తర్వాత ఆస్ట్రేలియాలో 1960లో ఎంటెక్, అక్కడే ఐబీఎంలో ఉద్యోగం, అట్నుంచి స్టాన్‌ఫర్డ్, ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్‌కి ఆ పేరు పెట్టిన జాన్ మెకార్తీ దగ్గర 1966లో పీహెచ్‌డీ. మూడేళ్ళు అక్కడే పాఠాలు చెప్పి 1969లో పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీకి వెళ్ళి ఇక అక్కడే సెటిలైపోయారు.

అక్కడ మొదట చేసిన హియర్‌సే అనే సిస్టమ్ నోటితో చెప్తే చెస్ ఆడేది. చెస్ ఎందుకంటే, బోర్డు మీద గుర్రం ఎక్కడుందో తెలిస్తే అవతలివాడు ఇప్పుడు ఏ ఎత్తులు చెప్పగలడో ముందే తెలిసిపోతుంది, మాట సరిగ్గా వినపడకపోయినా కుదరని ఎత్తులన్నీ కొట్టేసి మిగిలినదాన్ని పట్టుకోవచ్చు. మా అమ్మ, పాలు, అదే లెక్క.

1971లో అమెరికా రక్షణ శాఖ రీసెర్చ్ విభాగం ఒక పందెం లాంటిది పెట్టింది, ఐదేళ్ళలో వెయ్యి మాటలు అర్థం చేసుకునే మిషన్ చేసి చూపించండి అని. డబ్బులొచ్చాక మామూలుగా ప్రొఫెసర్ ఏం చేస్తాడు, తను నమ్మిన దారిలోనే స్టూడెంట్లందర్నీ నడిపిస్తాడు. ఇక్కడ అట్లా జరగలేదు, అసలు ఈయన కథలో నాకు నచ్చిన ముక్క ఇదే. ఒకే గ్రూపులో ఒకదానికొకటి పొసగని పద్ధతులు పక్కపక్కనే నడిచాయి. హియర్‌సే రెండో వెర్షన్ రచ్చబండ టైపు, ప్రోగ్రామ్‌లోని ముక్కలే అక్కడ పెద్దమనుషులు, శబ్దాలు తెలిసినవాడు ఒకడు, మాటలు తెలిసినవాడు ఒకడు, వ్యాకరణం తెలిసినవాడు ఒకడు, అందరూ ఒక బ్లాక్‌బోర్డు మీద తమ తమ ఊహలు రాస్తూ ఒకరివి ఒకరు సరిదిద్దుకుంటారు. జేమ్స్ బేకర్ అనే స్టూడెంట్‌ చేసిన డ్రాగన్‌లో ఈ పెద్దమనుషులు ఎవ్వరూ లేరు, ఈ శబ్దం తర్వాత ఏ శబ్దం రావడానికి ఎంత ఛాన్స్ అనే ప్రాబబిలిటీ ఒక్కటే, మొత్తం లెక్కలే. బ్రూస్ లోవెర్ అనే ఇంకో స్టూడెంట్ మొదటి హియర్‌సే, డ్రాగన్ రెండింట్లో మంచి చెడూ చూసి 1976లో హార్పీ అని చేశాడు, అది 1011 మాటలతో పందెం నెగ్గింది.

హార్పీలో ట్రిక్ ఏంటంటే, అమీర్‌పేట నుంచి గచ్చిబౌలికి పోవాలి అనుకోండి, ఉన్న గల్లీలన్నీ చివరిదాకా వెతికితే తెల్లారిపోతుంది, అలాగని మొదటి సిగ్నల్ దగ్గర ఖాళీగా కనపడిన ఒక్క రోడ్డే పట్టుకుంటే ముందుకెళ్ళాక జామ్‌లో దొరికిపోవచ్చు. అందుకని ప్రతి జంక్షన్ దగ్గరా అన్నిటికంటే బాగున్న దారినీ, దానికి దగ్గర దగ్గరగా ఉన్న ఇంకొన్నిటినీ ఉంచుకుని, బాగా వెనకబడ్డవాటిని అక్కడికక్కడే వదిలేస్తూ పోవాలి. "పాలు" తర్వాత "తెచ్చినవా" వినగానే అప్పటిదాకా కొంచెం వెనకున్న "పాలు" దారి ముందుకొచ్చేస్తుంది, మొదట్లోనే "బాలు"కి ఫిక్సైపోతే ఆ అవకాశం ఉండదు. దీన్నే బీమ్ సెర్చ్ అంటారు, ఇవాళ్టి ట్రాన్స్‌లేషన్ సిస్టమ్స్‌లో కూడా ఇది కనిపిస్తుంది. అప్పటి కంప్యూటర్లకి స్పీడూ తక్కువ, మెమరీ తక్కువ, ఆ ఇరుకులోంచి పుట్టిన ఉపాయం.

తర్వాత 1980ల్లో కాయ్‌ఫూ లీ అనే స్టూడెంట్ వచ్చి, మనిషి దగ్గరున్న జ్ఞానాన్ని రూల్స్‌గా రాసివ్వడం కాదు సార్, బోలెడు డేటా పోసి స్టాటిస్టిక్స్‌తో చేస్తా అన్నాడు. గురువుగారి మొగ్గు మొదటివైపే. అయినా, నీతో ఏకీభవించను గానీ చెయ్యి, నా సపోర్ట్ ఉంటుంది అనే అర్థం వచ్చేట్టు చెప్పారని లీ తర్వాత చాలాసార్లు గుర్తుచేసుకున్నాడు. స్ఫింక్స్ అనే ఆ సిస్టమ్ ఎవరు మాట్లాడినా, మాటకీ మాటకీ మధ్య ఆగకుండా మాట్లాడినా, దాదాపు వెయ్యి మాటల దాకా పట్టుకుంది. అంతకుముందు చాలావాటికి ఒక్కో మనిషి గొంతు విడిగా నేర్పాల్సొచ్చేది. గురువు లైన్ దాటినందుకు థీసిస్ మూలకి పడేసిన గైడ్ల కథలు మన దగ్గర ఎన్ని వినలేదు, అందుకే ఇది నాకు కంప్యూటర్ సైన్స్‌లో నోబెల్ లాంటి ట్యూరింగ్ అవార్డ్ కంటే పెద్దగా కనిపిస్తుంది. ఆ అవార్డ్ 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిపి ఇచ్చారు, ఆసియా నుంచి అది అందుకున్న మొదటివారు ఈయనే. కార్నెగీ మెలన్‌లో రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్ మొదటి డైరెక్టర్, తర్వాత కంప్యూటర్ సైన్స్ డీన్, 2001లో పద్మభూషణ్, ఇవన్నీ అయ్యాయి.

మన ఊరితో లింక్ ఎక్కడంటే గచ్చిబౌలిలో. 1998లో ట్రిపుల్ ఐటీ మొదలైనప్పుడు గవర్నింగ్ కౌన్సిల్ ఛైర్మన్ ఈయనే. 2008లో పల్లెటూళ్ళలో టెన్త్‌లో బాగా చదివే పిల్లల కోసం బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో క్యాంపస్‌లతో వచ్చిన ఆర్‌జీయూకేటీ (రాజీవ్ గాంధీ యూనివర్సిటీ ఆఫ్ నాలెడ్జ్ టెక్నాలజీస్)కి ఛాన్సలర్‌గా కూడా చేశారు. ఇంట్లో మొదటిసారి కాలేజీకెళ్ళిన మనిషి ఆ పిల్లల్లో ఎవర్ని చూసుకుని ఉంటారో ఊహించడం కష్టం కాదు.

గచ్చిబౌలి క్యాంపస్‌లో భారతీయ భాషల మీదా, స్పీచ్ మీదా ల్యాబ్స్ ఉన్నాయి, అక్కడివాళ్ళకి తెలుగు పెట్టే తిప్పలు ఇంగ్లీష్ పెట్టదు. ఇంగ్లీష్‌లో వెయ్యి మాటలంటే వెయ్యే, మనకి "చెప్పించుకోవాల్సొచ్చిందట" అంతా కలిపి ఒక్క మాట, అట్లాంటివి ఎన్ని లిస్ట్ రాసిస్తాం. పైగా వచ్చాడు, వచ్చిండు, అచ్చిండు, వచ్చినాడు అన్నీ ఒకటే. డేటాలో పేపర్ తెలుగు, న్యూస్ తెలుగు ఎక్కువుంటే మిషన్ చెవి కూడా అటే మొగ్గుతుంది.

ఈమధ్య మా అమ్మ ఫోన్‌తో మాట్లాడ్డం చూశా. మైక్ నొక్కి, గొంతు సవరించుకుని, టీవీలో వార్తలు చదివే అమ్మాయిలాగా "పాలు తీసుకువచ్చావా" అని ఒక్కో ముక్కా విరిచి విరిచి పలుకుతోంది. మెసేజ్ కరెక్ట్‌గా వచ్చింది. నేను పక్క గదిలోనే ఉన్నానని చూసుకుని, "ఏందిరా, తెచ్చినవా లేదా" అంది.