పిల్లలు పుట్టాక రొమ్ముకు ఇంప్లాంటా, లిఫ్టా? అపోహలు - వాస్తవాలు

హనుమకొండలో నా ఓపీకి వచ్చే తల్లులలో చాలామంది ఏ ఆపరేషన్ కావాలో ముందే నిశ్చయించుకుని వస్తారు. "మేడం, ఇంప్లాంట్ పెట్టించుకుందామనుకుంటున్న. రొమ్ము నిండితే అదే పైకి లేస్తది గద" అంటారు. ఇంప్లాంట్ అంటే రొమ్ము లోపల అమర్చే కృత్రిమ సంచి. ప్లాస్టిక్ సర్జన్‌గా నేను అన్నిటికంటే ఎక్కువసార్లు సరిదిద్దవలసి వస్తున్న మాట ఇదే. దీన్ని నమ్మిన కొందరికి రెండో ఆపరేషన్ తప్పడం లేదు.

అపోహ: ఇంప్లాంట్ పెడితే జారిన రొమ్ము దానంతట అదే పైకి లేస్తుంది.

వాస్తవం: గర్భంతో ఉన్నప్పుడు పాలగ్రంథులు పెరిగి చర్మాన్ని సాగదీస్తాయి. పాలు మాన్పించాక గ్రంథులు కుంచించుకుపోతాయి గానీ, సాగిన చర్మం అంతగా కుంచించుకోదు. అందువల్ల కొందరిలో నిండుదనం మాత్రమే తగ్గుతుంది, కొందరిలో రొమ్ము జారుతుంది, చాలామందిలో రెండూ కలిసి ఉంటాయి. ఇంప్లాంట్ నిండుదనాన్ని ఇస్తుంది. లిఫ్ట్ అదనపు చర్మాన్ని తీసివేసి చనుమొనను పైకి చేరుస్తుందే తప్ప పరిమాణాన్ని పెంచదు.

మీకు ఏది అవసరమో ఇంట్లోనే కొంతవరకు తెలుసుకోవచ్చు. లోదుస్తులు లేకుండా అద్దం ముందు నిటారుగా నిలబడి, చనుమొన రొమ్ము కింది మడతకు పైన ఉందో, సమానంగా ఉందో, కిందికి దిగిందో చూడండి. 1976లో ప్లాస్టిక్ సర్జన్ రెనో ప్రతిపాదించిన, రొమ్ము ఎంత జారిందో చెప్పే వర్గీకరణకు ఆధారం ఇదే, మేము నేటికీ దానినే వాడుతున్నాము. మొన మడతకు పైన ఉండి నిండుదనం మాత్రమే తగ్గితే ఇంప్లాంట్ సరిపోవచ్చు. మడతకు సమానంగా ఉంటే పరీక్షించిన తరువాతే చెప్పగలము. మడత దాటి కిందికి దిగినప్పుడు మాత్రం లిఫ్ట్ చేయవలసిందే. పైభాగం కూడా నిండుగా కావాలనుకుంటే దానికి ఇంప్లాంట్‌ను జోడించవచ్చు.

మూడేళ్ల క్రితం ఇద్దరు పిల్లల తల్లి ఒకరు నా వద్దకు వచ్చారు. గల్ఫ్‌లో ఉన్న భర్త పంపిన డబ్బుతో, మచ్చ చిన్నదిగా ఉంటుందన్న భరోసాతో, ఒక నగరంలో ఒక్కోవైపు 350 సీసీ ఇంప్లాంట్లు పెట్టించుకున్నారు. అప్పటికే ఆమె చనుమొనలు మడతకు కిందనే ఉన్నాయి. ఛాతీ కండరం వెనుక పెట్టిన ఇంప్లాంట్ పైనే నిలిచిపోగా, ఆమె సొంత రొమ్ము దాని ముందు నుంచి కిందికి జారి, ఒకే వైపు రెండు గుట్టలుగా కనిపించసాగింది. రెండు ఇంప్లాంట్ల బరువు కలిపి దాదాపు ముప్పావు కిలో. అవి తీసివేసి లిఫ్ట్ చేశాను. "మొదటిరోజే అద్దం ముందు నిలబెట్టి ఈ ఒక్క ముచ్చట చెప్తే అయిపోవు గద మేడం" అన్నారామె. సౌందర్య శస్త్రచికిత్సకు ఆరోగ్యశ్రీ వర్తించదు కనుక రెండో ఖర్చు కూడా ఆ కుటుంబమే భరించింది.

ఈ అపోహ వెనుక ఉన్నది మచ్చల భయమని నాకు తెలుసు, ఆ భయం సహజమైనదే. లిఫ్ట్‌లో మొన చుట్టూ, అక్కడి నుంచి నిలువుగా కిందికి, బాగా జారినవారిలో మడత వెంబడి కూడా మచ్చ పడుతుంది. మన చర్మఛాయలో అది నెలల తరబడి నల్లగా కనిపిస్తుంది. కాలక్రమేణా పలచబడుతుంది గానీ పూర్తిగా చెరిగిపోదు.

అపోహ: పాలివ్వడం వల్లనే రొమ్ములు జారుతాయి.

వాస్తవం: కాదు. అమెరికాలోని కెంటకీ విశ్వవిద్యాలయ వైద్యులు 2008లో ప్రచురించిన అధ్యయనంలో వయసు, గర్భాల సంఖ్య, శరీర బరువు, పొగతాగడం కారణాలుగా తేలాయి, పాలివ్వడం కారణంగా తేలలేదు. నా రెండో కాన్పు తరువాత మా పెద్దమ్మ కూడా ఇదే మాటతో నన్ను ఆపబోయారు. నేను ఇద్దరికీ పాలిచ్చాను. ఈ వదంతిని నమ్మి బిడ్డకు ముందుగానే పాలు మాన్పించిన తల్లులను చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది.

అపోహ: నూనె మర్దన, క్రీములు, వ్యాయామం చాలు.

వాస్తవం: రొమ్ములో కండరం లేదు, అది వెనుక ఉన్న ఛాతీలో ఉంది. ఇవేవీ జారిన రొమ్మును పైకి లేపవు, వాటి మీద డబ్బు పెట్టకండి.

అపోహ: ఇంప్లాంట్ జీవితాంతం ఉంటుంది.

వాస్తవం: ఉండదని అమెరికాలో మందులను, వైద్య పరికరాలను నియంత్రించే ఎఫ్‌డీఏ 2021లో తప్పనిసరి చేసిన హెచ్చరికలోనే ఉంది. సిలికాన్ ఇంప్లాంట్‌కు ఐదారేళ్లకు మొదటిసారి, ఆపై రెండు మూడేళ్లకోసారి అల్ట్రాసౌండ్ లేదా ఎంఆర్ఐ చేయించాలి. గరుకు ఉపరితలం గల రకాలతో లింఫోమా అనే క్యాన్సర్‌లలో ఒక అరుదైన రకానికి సంబంధం ఉన్నందున, అలాంటి ఒక రకాన్ని 2019లో మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు. మామోగ్రామ్‌కు (రొమ్ము ఎక్స్‌రే) వెళ్లినప్పుడు ఇంప్లాంట్ ఉందని ముందే చెప్పండి, అదనపు చిత్రాలు తీయవలసి ఉంటుంది.

ఇక ఎప్పుడు చేయించుకోవాలన్న ప్రశ్న. పాలు మాన్పించాక కనీసం మూడు నుంచి ఆరు నెలలు ఆగాలి, బరువు నిలకడగా ఉండాలి, మరో బిడ్డను కనే ఆలోచన ఉంటే ఆ కాన్పు తరువాతే రావాలి. జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి వచ్చేవారు పొగ తాగుతారా అని అడిగితే లేదంటారు, బీడీలు చుడతారా అంటే అవునంటారు. పొగాకును చేత్తో ముట్టుకున్నా కొంత నికోటిన్ ఒంట్లోకి చేరుతుంది. అది రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది, లిఫ్ట్ తరువాత చనుమొన బతకాలంటే అక్కడికి రక్తం సరిగా అందాలి. అందుకే ఆపరేషన్‌కు ముందు నాలుగు వారాలు, ఆపరేషన్ తరువాత పుండు మానేవరకు కూడా బీడీ చాట పట్టవద్దంటాను. కూలి పోతుందని దిగులు పడేవారికి, ఆకు తక్కువగా వచ్చే నెలలు చూసుకుని తేదీ చెప్పమంటాను.